వెలుతురు వ్రాత

ఛాయాగ్రహణమును లోకమంతయు ‘ఫొటోగ్రఫీ’ యని పిలుచుచున్నది. గ్రీకు భాషనుండి పుట్టిన ఆ పదమునకు ‘వెలుతురుతో వ్రాయుట’ అని యర్థము. వ్రాయుటకు కలమొక్కటియే చాలదు; అక్షరజ్ఞానము కూడ కావలెను. అట్లే చిత్రము తీయుటకు కెమేరా యొక్కటియే చాలదు. వెలుతురును చదువనేర్చిన కన్నును కావలెను. క్రొత్తగా కెమేరా చేపట్టిన ప్రతివానికిని ఈ సంగతి కొద్ది దినములలోనే బోధపడును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, చిన్న యుద్యోగులు పలువురు తీరిక వేళలందు ఛాయాచిత్రములు తీయుచున్నారు. వారు జీతమునకై తీయువారు కారు; ఇష్టముచే తీయువారు. అట్టివారి చేతికి తరచుగా మొదట వచ్చునది తక్కువ తరగతి డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమేరా. అది పనిచేయు తీరెట్టిది, దాని శక్తి యెంత, అది నేర్పు పాఠము లేవి యను విషయములు తెలిసికొనదగినవి.

1839వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు డాగేరు కనిపెట్టిన ఛాయాగ్రహణ పద్ధతి లోకమునకు వెల్లడి యయ్యెను. ఆ దినములలో లోహపు రేకుపై చిత్రము పడెడిది. తరువాత గాజు పలకలును, అటుపిమ్మట ఫిల్ము చుట్టలును వచ్చినవి. ఒక ఫిల్ము చుట్టలో సాధారణముగా 36 చిత్రములకు మాత్రమే చోటుండెడిది. మీట నొక్కిన ప్రతిసారియు కొంత సొమ్ము ఖర్చగుచుండెను. చిత్రము బాగుగ వచ్చినదో లేదో, చీకటి గదిలో కడిగి అచ్చువేసిన పిదపగాని తెలియకుండెను. కావున అల్పాదాయముగల వారికి తప్పులు చేసి నేర్చుకొను అవకాశము తక్కువ. 1975లో అమెరికా దేశమున కొడాక్ సంస్థలోని స్టీవెన్ సాసన్ అను యువ యింజనీరు ఫిల్ము లేని కెమేరా నొకదానిని కూర్చెను. అది సుమారు 3.6 కిలోల బరువుండెను. దాని చిత్రమున నున్నవి 10,000 చుక్కలు మాత్రమే. ఆ చిత్రము క్యాసెట్ టేపుపై నెక్కుటకు 23 సెకనులు పట్టెను. 1991లో కొడాక్ సంస్థ నికాన్ కెమేరాకు ఎలక్ట్రానిక్ పరికరములు జోడించి డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.ను అమ్మకమునకు పెట్టెను. దాని వెల సామాన్యుల కందనిది. 2003లో కెనాన్ సంస్థ 300డి అను కెమేరాను 1,000 డాలర్లలోపు వెలకు విడుదల చేయగా, ఈ రకపు కెమేరా ఔత్సాహికుల చేతికి వచ్చుట కారంభమయ్యెను. ఇటీవలి కాలమున అద్దములేని కెమేరాలు హెచ్చినవి. అయినను ఇంటింట నున్నవియు, చేతులు మారి తక్కువ వెలకు దొరకునవియు నగు ఎస్.ఎల్.ఆర్.లు నేర్చుకొనువానికి నేటికిని చక్కని గురువులే.

ఈ కెమేరాలో కటకము వెనుక ఒక చిన్న అద్దము ఏటవాలుగా నిలిచి యుండును. కటకము ద్వారా వచ్చిన వెలుతురు ఆ అద్దముపై బడి పైకి మరలును. అచట మరికొన్ని అద్దములచే త్రిప్పబడి, చూచువాని కంటికి చేరును. కావున కటకము చూచుచున్న దృశ్యమునే మనుష్యుడును చూడగలడు. మీట నొక్కగానే అద్దము పైకి లేచును. దాని వెనుకనున్న షట్టరు తెరలు క్షణకాలము తెరచుకొనును. వెలుతురు సెన్సరుపై బడును. వెంటనే తెరలు మూసికొని, అద్దము తన చోటికి దిగును. మీట నొక్కినపుడు వినబడు ‘టక్కు’మను శబ్దము ఈ కదలికల వలన కలుగునదే.

సెన్సరు వ్రేలిగోటికంటె కొంచెము పెద్దదగు సిలికాన్ పలక. దానిపై కోట్లకొలది సూక్ష్మమైన గళ్ళుండును. 24 మెగాపిక్సెలుల కెమేరా యనగా 2 కోట్ల 40 లక్షల గళ్ళు కలదని యర్థము. ప్రతి గడియు వెలుతురును పట్టు చిన్న కుండ వంటిది. ఎక్కువ వెలుతురు పడిన కుండలో ఎక్కువ విద్యుత్తు చేరును. తక్కువ పడినదానిలో తక్కువ చేరును. కాని గడికి రంగు తెలియదు. కావున ప్రతి గడిపైనను ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులలో నొకదాని జల్లెడ నుంతురు. గళ్ళలో సగము ఆకుపచ్చవి. తక్కిన సగములో ఎరుపును నీలమును సమభాగములు. మనుష్యుని కన్ను ఆకుపచ్చ ఛాయలందలి వ్యత్యాసమును హెచ్చుగా గుర్తించుటయే ఇందులకు కారణము. కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించెను.

కుండను నింపు విధము తెలిసినవానికి కెమేరాను నడుపుట కష్టము కాదు. కొళాయి క్రింద బిందె నుంచినచో, అది నిండుట రెండు విషయములపై నాధారపడును. కొళాయిని ఎంత త్రిప్పితిమన్నది ఒకటి. ఎంతసేపు విడిచితిమన్నది రెండవది. కటకములోని ద్వారము కొళాయి వంటిది. షట్టరు తెరచియుండు కాలము నీరు విడిచిన కాలము వంటిది. ద్వారము పరిమాణమును ‘ఎఫ్’ సంఖ్యతో చెప్పుదురు. సంఖ్య పెరిగినకొలది ద్వారము చిన్నదగును. ఎఫ్ 4 నుండి ఎఫ్ 5.6నకు మార్చినచో లోనికి వచ్చు వెలుతురు సగమునకు తగ్గును. అపుడు షట్టరు కాలమును రెట్టింపు చేసినగాని బిందె మునుపటివలె నిండదు. ఐ.ఎస్.ఓ. అను మూడవ సంఖ్య యొకటి కలదు. అది నీటిని పెంచదు. చేరిన కొద్దిపాటి విద్యుత్తును హెచ్చించి చూపును. హెచ్చించినపుడు దానితోపాటు గరుకుదనమును హెచ్చును. చీకటిలో తీసిన చిత్రములపై ఇసుక చల్లినట్లు చుక్కలు కనబడుట అందుచేతనే.

ఈ మూడు సంఖ్యలకును వేర్వేరు స్వభావములు కలవు. ద్వారము పెద్దదైనచో ముందున్న వస్తువు స్పష్టముగ నుండి, వెనుకనున్నది మసకబారును. చిన్నదైనచో దగ్గరవియు దూరపువియు స్పష్టముగ వచ్చును. షట్టరు కాలము స్వల్పమైనచో కదలునది నిలిచినట్లు కనబడును. దీర్ఘమైనచో ప్రవాహము వెండి దారమువలె సాగును. ఏది పెంచవలెను, ఏది తగ్గింపవలెను అని నిర్ణయించుట కెమేరా పని కాదు, మనుష్యుని పని. యంత్రమే అన్నిటిని నిర్ణయించు పచ్చగుర్తు పద్ధతిని విడిచి, ఈ నిర్ణయమును తన చేతిలోనికి తీసికొన్న దినముననే ఔత్సాహికుని నిజమైన చదువు ప్రారంభమగును.

శ్రీకాకుళము జిల్లాలో టెక్కలి సమీపమున తేలినీలాపురము అను పల్లె కలదు. ఏటేట వర్షాకాలపు చివర గూడబాతులును, పెయింటెడ్ స్టార్క్ అనబడు రంగుల కొంగలును అచటికి వచ్చి, ఊరి చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముంగిట వెడలిపోవును. క్రొత్తగా కెమేరా కొనిన యువకు డొకడు అచటికి పోయినాడని ఊహింపుడు. అతని కెమేరాతోపాటు వచ్చినది 18 నుండి 55 మిల్లీమీటర్ల కటకము. చెట్టు 50 మీటర్ల దూరమున నున్నది. అతడు చిత్రము తీసి చూచుకొనగా, ఆకులమధ్య నొక తెల్లని చుక్క తప్ప మరేమియు కనబడలేదు.

ఇందు కెమేరా దోషము లేదు. లెక్క వేసి చూచిన విషయము తేలును. ఈ తరగతి కెమేరాలలో సెన్సరు వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు. 55 మిల్లీమీటర్ల కటకముతో 50 మీటర్ల దూరమున చూచినచో, చిత్రములో సుమారు 20 మీటర్ల వెడల్పుగల దృశ్యము ఇముడును. రంగుల కొంగ ఎత్తు సుమారు ఒక మీటరు. చిత్రము వెడల్పున నున్న 6,000 చుక్కలలో కొంగకు వచ్చునవి 300 మాత్రమే. 300 మిల్లీమీటర్ల కటకమైనచో అంతే దూరమున ఇముడునది 3.7 మీటర్లు, కొంగకు 1,600 చుక్కలు దక్కును. అపుడు దాని పసుపుపచ్చని ముక్కు, రొమ్ముపై నల్లని పట్టె, తోకవద్ద గులాబి రంగు ఈకలు స్పష్టముగ కనబడును.

దూరపు కటకము లేనివానికి మిగిలిన మార్గము దగ్గరకు పోవుట యని తోచును. ఇచటనే అసలు పరీక్ష కలదు. గూటిలో గ్రుడ్లున్నపుడు మనుష్యుడు చెట్టు క్రిందికి పోయినచో, తల్లి పక్షి బెదరి లేచిపోవును. ఆ కొద్దిసేపటిలో గ్రుడ్లు ఎండకు కాగును. ఇంకను ఈకలు రాని పిల్లలు వడదెబ్బ తినును. కాచుకొనియున్న కాకులును గ్రద్దలును గూటిపై బడును. మంచి చిత్రమొకటి దక్కవచ్చును గాని, దాని వెల యొక పక్షి ప్రాణము కావచ్చును. ఆ ఊరివారు ఈ పక్షులను తమ యింటికి వచ్చిన అతిథులుగా భావించి కాపాడుకొనుచున్నారు. అట్టి అతిథులను బెదరించు హక్కు చూడవచ్చిన వాని కెక్కడిది? కావున తెలిసిన ఛాయాగ్రాహకుడు పక్షులను చూచుటకై కట్టిన గోపురమునుండియో, దూరపు గట్టునుండియో తీయును. దూరపు కటకము లేనిచో మిత్రునివద్ద ఎరువు తెచ్చుకొనును. అదియు లేనిచో ఒంటి పక్షిని విడిచి చెట్టును, ఆకాశమును, ఊరి యిండ్లను కలిపి చిత్రించును. కొంగలు నిండిన చెట్టు క్రింద యథాప్రకారము సాగు పల్లె జీవనము ఒంటి కొంగ చిత్రమునకు తీసిపోవునది కాదు.

దూరపు కటకము చేతబట్టినవానికి మరియొక చిక్కు వచ్చును. దూరమును దగ్గరగా చూపు కటకము చేతివణకును కూడ పెద్దదిగ చూపును. 300 మిల్లీమీటర్ల కటకమును చేతితో పట్టి తీయునపుడు షట్టరు కాలము సెకనులో 500వ వంతుకంటె ఎక్కువ కాకుండుట మంచిది. ఎగురు పక్షి రెక్కలు నిలిచినట్లు కనబడుటకు 1,000వ వంతు కావలెను. చౌక కటకములలో ద్వారము ఎఫ్ 5.6 వరకు మాత్రమే తెరచుకొనును. ప్రొద్దుపొడుపు వేళ వెలుతురు మృదువుగ నుండును గాని అల్పము. అందుచే ఐ.ఎస్.ఓ.ను 800కో 1,600కో పెంచక తప్పదు. కొంచెము గరుకుగ నున్నను స్పష్టమైన చిత్రము, నున్నగ నుండియు చెదరిన చిత్రముకంటె మేలు.

తెల్లని పక్షులు కెమేరాను మోసపుచ్చును. తన యెదుటనున్న దృశ్యము సగటున నడితరపు బూడిదరంగులో నుండునని కెమేరా భావించును. నల్లని చింతకొమ్మల నడుమ చిన్న తెల్లకొంగ యున్నపుడు, అది చీకటియే ఎక్కువగ నున్నదని తలచి వెలుతురును పెంచును. అపుడు కొంగ ఈకలు వెల్లవేసిన గోడవలె మాసిపోవును. నిండిన బిందెనుండి పొర్లిపోయిన నీరు తిరిగి రానట్లే, పొర్లిపోయిన ఆ వెలుతురులోని వివరములును తిరిగి రావు. కావున వెలుతురును ఒక మెట్టు తగ్గింపవలెను. అదే కొంగ చిత్రమంతయు నిండి యున్నపుడు కెమేరా దానిని బూడిదరంగుగ మార్చును. అపుడు ఒక మెట్టు పెంచవలెను. చిత్రమును ‘రా’ అను రూపములో భద్రపరచినచో, ఒక్కొక్క గడిలోని వెలుతురును 16,384 మెట్లుగా గుర్తించు కెమేరాలు కలవు. సాధారణమైన జేపెగ్ రూపమున నుండునవి 256 మెట్లే. చీకటిగ వచ్చిన భాగమును కొంతవరకు బాగుచేసికొనుటకు మొదటి రూపమే అనుకూలము.

ఇట్లు ఓర్పుతో తీసిన చిత్రములకు అందము గాక మరియొక ప్రయోజనము కలదు. తేలినీలాపురము పక్షులను జనులు ‘సైబీరియా పక్షులు’ అని పిలుచుట వాడుక. కాని ఈ రెండు జాతులును దక్షిణాసియా, ఆగ్నేయాసియా ప్రాంతములకు చెందినవే. చలికి వెరచి సైబీరియానుండి వచ్చు పక్షులు ఇచట చలికాలము గడపి, పిల్లలను పెంచుటకు తమ దేశమునకే మరలిపోవును. ఈ పక్షులు తేలినీలాపురములోనే గూళ్ళు కట్టుచున్నవి. గూటిలో నోళ్ళు తెరచియున్న పిల్లల చిత్రమొక్కటి చాలును, అవి పరదేశపు అతిథులు కావు, ఈ నేలపైనే పుట్టిన బిడ్డలు అని నిరూపించుటకు.

డిజిటల్ కెమేరా ప్రతి చిత్రముతోపాటు తేదీని, గంటను, నిమిషమును కూడ వ్రాసి యుంచును. అందుచే కెమేరాలోని గడియారమును సరిగా దిద్దుట మొదటి దినముననే చేయవలసిన పని. 2021 చివరను, 2022 మొదటను తేలినీలాపురములో గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయినవి. వాని కడుపులో చేరిన నులిపురుగులే అందులకు కారణమని పరీక్షలలో తేలెను. ఇట్టి ఆపద వచ్చినపుడు, పూర్వపు సంవత్సరములలో ఏ చెట్టుపై ఎన్ని గూళ్ళుండెనో చూపు తేదీగల చిత్రములు శాస్త్రజ్ఞులకు ఎంతయో సహాయపడును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ జిల్లా తీరమును దాటి ఉద్దానములోని కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలగూల్చెను. కూలక మునుపు ఆ తోటలెట్లుండెనో నేటి పిల్లలకు చూపగలవి నాడు ఎవరో సరదాకు తీసిన చిత్రములే. ఇచ్ఛాపురము చేరువనున్న తేలుకుంచిలో గూళ్ళు కట్టు నత్తగుల్ల కొంగలను గూర్చియు ఇట్లే ఏటేట చిత్రములు తీసి యుంచవచ్చును. ఒక్క చిత్రము జ్ఞాపకము. పదేండ్ల చిత్రములు చరిత్ర.

పక్షులే కాదు, మనుష్యుల పనులును ఈ జిల్లాలలో చిత్రింపదగినవి. పొందూరులో ఖద్దరు నూలు వడకు స్త్రీలు వాలుగచేప దవడ యెముకతో ప్రత్తిని దువ్వుదురు. ఆ పని యింటిలోపల, కిటికీనుండి వచ్చు కొద్ది వెలుతురులో జరుగును. ఎఫ్ 5.6 ద్వారముగల కటకముతో సెకనులో పదవ వంతు కాలము కావలసినచో చేతుల కదలిక చెదరిపోవును. 50 మిల్లీమీటర్ల చౌక కటకమొకటి ఎఫ్ 1.8 వరకు తెరచుకొనును. దానినుండి వచ్చు వెలుతురు ఇంచుమించు పది రెట్లు. కావున నూరవ వంతు కాలమే చాలును. కాని కటకమును తెరచుటకు మునుపు నోరు తెరవవలెను. “అమ్మా! మీరు పని చేయుచుండగా చిత్రము తీసికొనవచ్చునా?” అని అడిగి, వారు సమ్మతించిన పిదపనే తీయుట మర్యాద. తీసిన చిత్రమును అచ్చువేయించి వారికి తెచ్చి యిచ్చుట అంతకంటె మర్యాద.

విజయనగరములో విజయదశమి తరువాతి మంగళవారమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. పొడవైన మాను కొనపై కూర్చున్న పూజారి ఆకాశమునకు ఎదురుగా కనబడును. ఇచట తేలినీలాపురము పాఠము తలక్రిందులగును. వెలుగుచున్న ఆకాశమును చూచి కెమేరా వెలుతురును తగ్గింపగా, పూజారి నల్లని నీడయై పోవును. అపుడు వెలుతురును పెంచవలెను. యంత్రము ప్రతిచోటను ఒకే సూత్రమును పాటించును. చోటునుబట్టి దానిని సవరించువాడే ఛాయాగ్రాహకుడు.

వెలుతురును చదువుటకు కెమేరాయే అక్కరలేదు. శ్రీకాకుళము చెంతనున్న అరసవల్లి సూర్యదేవాలయమున మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయకిరణములు లోనికి ప్రసరించి స్వామి పాదములను తాకును. మార్చిలో ఉత్తరముగా సాగుచు, అక్టోబరులో దక్షిణముగా మరలుచు సూర్యుడు ఇంచుమించు ఒకే చోట నుదయించుటయే ఏటికి రెండు మారులు ఇట్లు జరుగుటకు కారణము. వెలుతురు ఏ నెలలో ఏ వైపునుండి వచ్చునో పూర్వపు శిల్పులు ఎరిగియుండిరి. తన వీధిలో, తన చెరువుగట్టున వెలుతురు నడకను ఏడాది పొడుగునను గమనించినవాడు సామాన్యమైన కెమేరాతోనే మేలైన చిత్రము తీయగలడు.

పరికరమును జాగ్రత్త చేసికొనుటయు విద్యలో భాగమే. కళింగపట్నము వంటి సముద్రతీరములందు ఉప్పుగాలియు సన్నని ఇసుకయు కెమేరాకు శత్రువులు. అట్టిచోట కటకమును మార్చరాదు. ఇంటికి రాగానే పొడిబట్టతో తుడువవలెను. వానకాలమున కటకపు గాజుపై బూజు పట్టును. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లములతో గాలి చొరని డబ్బాలో నుంచినచో ఆ బాధ తప్పును.

ఖరీదైన కెమేరా కొన్ని పనులను సులభము చేయును. అది చీకటిలో మెరుగుగ చూచును. సెకనుకు ఎక్కువ చిత్రములు తీయును. కాని ఎపుడు మీట నొక్కవలెనో, ఎపుడు నొక్కక వెనుకకు తిరిగి రావలెనో అది చెప్పజాలదు. గూటిపై తల్లి కొంగ మెడ నిక్కించి బెదరుచూపులు చూచినపుడు, కెమేరాను దించి నాలుగడుగులు వెనుకకు వేసినవాడు ఆ దినమున చిత్రమును పోగొట్టుకొనవచ్చును. కాని మరుసటి యేట ఆ కొంగ అదే చెట్టునకు తిరిగి వచ్చును. అతనికిని, అతని తరువాత వచ్చువారికిని చిత్రములు మిగులును.